వాసెన కట్టిన గేర్లు

పోయిన వారం ఇదే పుటలో యతిప్రాసల గొడవ రాసినవాణ్ణి ఈ వారం గేర్లూ నూనే పట్టుకు కూర్చున్నానేమిటా అని మీలో కొందరు ముక్కున వేలేసుకోవచ్చు. మరేం లేదు. మా కాలేజీ కుర్రాళ్లు ఏడెనిమిదిమంది, వాళ్లతోపాటు నేనూ, ప్రతి ఆదివారం వూరి చివర ఖాళీ స్థలంలో చిట్టికార్ల పందాలు ఆడుకుంటాం. చేతిలో రేడియో పెట్టె వుంటుంది, కారు నేలమీద వుంటుంది, మధ్య తీగా తాడూ ఏమీ వుండవు. "నలభై అయిదేళ్లు నెత్తిమీదికొచ్చాయి, ఇప్పుడా బొమ్మలు!" అన్నది మా ఆవిడ మొదట్లో. బొమ్మలే, కాదనను. కాని అసలు కారులో ఎనిమిదో వంతుండే ఈ బొమ్మ మూడు కిలోల పైచిలుకు బరువుండి, గంటకు అరవై కిలోమీటర్ల వేగంతో గుంతల్లోనుంచీ గుట్టలమీదనుంచీ దూకుతూ పోతుంది. అడ్డమొస్తే చీలమండ విరుగుతుంది. జపానులో షిజువోకా పట్నంలోని టామియా కంపెనీవారు 1976లో తమ మొదటి రేడియో కారు, పోర్షే 934, బజారులో పెట్టారు. ఆ బొమ్మ సరిగ్గా కుదరాలని అసలు పోర్షే 911 కారునొకదాన్ని కొని, ఇంటికి తెచ్చుకుని, మర మరా విప్పి చూసుకున్నారు. అందుచేత ఈ బొమ్మ అనే మాటను కాస్త మర్యాదగానే వాడాలి.

ఈ ఆటలో గెలుపోటములు మైదానంలోనే తేలతాయని చూసేవాళ్లు అనుకుంటారు. సగం శనివారం రాత్రే, వసారాలో చాపమీద, నిమ్మకాయంత డబ్బా ఒకదాని దగ్గర తేలిపోతాయి. ఆ డబ్బా పేరు డిఫరెన్షియల్. దీనికి తెలుగు మాట చెప్పమని కుర్రాళ్లు నన్ను ఆటపట్టిస్తూ వుంటారు. 'భేదక చక్రం' అనో మరొకటనో నిమిషంలో పుట్టించగలను గాని, ఆ మాట పట్టుకుని బజారుకు వెడితే ఎవడిస్తాడు? బెజవాడ ఆటోనగర్‌లో లారీలు విప్పే మేస్త్రీలు దాని లోపలి గేర్లను క్రౌను, పినియను, స్టారు, సన్ను అని ఎప్పుడో నోటికి అనుకూలంగా మలుచుకున్నారు. కిరీటం, చుక్క, సూర్యుడు. కవిత్వం అక్కడా తక్కువేం కాదు. నేనూ వాళ్ల మాటలే వాడతాను.

ఇంతకీ ఆ డబ్బా ఎందుకు? ఎడ్లబండికి డిఫరెన్షియల్ లేదు, అక్కరలేదు. ఇరుసు కదలదు, దానిమీద రెండు చక్రాలూ దేని దారిన అది తిరుగుతాయి. బండిని లాగేవి ఎడ్లుగాని ఇరుసు కాదు గదా. మోటారు కారులో చక్రాన్ని తిప్పేది ఇరుసే. రెండు చక్రాలనూ ఒకే కడ్డీకి బిగిస్తే తిన్నగా పోయినంతసేపూ బాగానే వుంటుంది. మలుపు రాగానే చిక్కొస్తుంది.

పల్లెటూళ్లో కళ్లం తొక్కించడం చూసినవాళ్లకు ఈ చిక్కు విడమరిచి చెప్పనక్కరలేదు. మధ్య గుంజకు బంతి కట్టి పశువులను తోలేటప్పుడు గుంజ పక్కనున్న ముసలి ఎద్దు వున్నచోటనే కాళ్లాడిస్తున్నట్టుంటుంది. బంతి చివరనున్న కోడె పరుగులాంటి నడక నడవాలి. రెంటినీ ఒకే అడుగు వెయ్యమంటే పలుపైనా తెగాలి, మెడైనా విరగాలి. మా చిట్టికారుకు ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం 25 సెంటీమీటర్లనుకోండి. మీటరు వ్యాసార్ధంతో అది ఒక చుట్టు తిరిగితే లోపలి చక్రం 5 మీటర్ల 50 సెంటీమీటర్లు నడుస్తుంది, బయటిది 7 మీటర్ల 7 సెంటీమీటర్లు నడుస్తుంది. తేడా 1 మీటరు 57 సెంటీమీటర్లు. ఇందులో ఒక తమాషా వున్నది. చుట్టు ఎంత పెద్దదైనా, హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డంతదైనా సరే, ఒక పూర్తి చుట్టుకు ఈ తేడా ఇంతే. లెక్కల మాస్టార్లకు ఇది చప్పటి సంగతి కావచ్చు. నాకు మాత్రం కాగితంమీద వేసుకుని చూసిందాకా తోచిందికాదు.

ఆ మీటరున్నర తేడాను ఒంటికడ్డీ ఎక్కడ దాచుకుంటుంది? టైరు నేలమీద గీరుకుపోవాలి, లేదా ఇరుసు మెలిపడాలి. 1827లో ఫ్రాన్సులో ఒనెసిఫోర్ పెక్కేర్ అనే గడియారాల పనివాడు ఆవిరిబండి కోసం దీనికి విరుగుడు ఆలోచించాడు. ఇవాళ మన కార్లలో కనపడే ఏర్పాటు ఇది: ఇరుసు నడిమికి రెండు ముక్కలుగా వుంటుంది. ఒక్కొక్క ముక్క కొసకూ ఒక్కొక్క సన్ను గేరు. ఆ రెంటి నడుమా అడ్డంగా చీలలమీద తిరిగే చిన్న స్టార్లు. వీటన్నింటినీ కడుపులో పెట్టుకున్న డబ్బా, ఆ డబ్బాకు మూతగా క్రౌను. మోటారు తిప్పేది క్రౌనును.

డబ్బాను ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, రెండో చేత్తో ఒక పక్క కడ్డీని ముందుకు తిప్పండి. రెండో పక్క కడ్డీ అంతే వెనక్కి తిరుగుతుంది. మలుపులో జరిగేదీ ఇదే. క్రౌను నూరు చుట్లు తిరిగేసరికి లోపలి చక్రం తొంభై తిరిగితే బయటిది నూటపది తిరుగుతుంది. ఒకటి తగ్గించుకున్నంతా రెండోది కలుపుకుంటుంది.

అయితే స్టారు వట్టి అమాయకురాలు. అది కావడిబద్దలాంటిది, రెండు పక్కలా సమానంగానే నెట్టగలదు. ఒక చక్రం గాలిలోకి లేచిందనుకోండి. ఆ పక్క బరువు లేదు గనుక ఈ పక్క నెట్టూ వుండదు. వానాకాలంలో బురదలో దిగబడిన లారీని చూడండి. ఒక చక్రం బురద చిమ్ముతూ వెర్రెత్తినట్టు తిరుగుతూ వుంటుంది. రెండోది గట్టినేలమీద వుండికూడా నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి వుంటుంది. మా చిట్టికార్లకు గుట్టకొకసారి ఏదో ఒక చక్రం గాలిలోనే వుంటుంది. అందుకని డబ్బాలో నూనె పోస్తాం.

గేర్లు అరక్కుండా పోస్తారనుకుంటారు చాలామంది. ఇక్కడ అది రెండో పని. మొదటి పని అడ్డుపడటం. స్టార్లు మలుపుకు తగినట్టు నిదానంగా తిరిగితే చిక్కని నూనె వూరుకుంటుంది. ఒక చక్రం గాలిలో రెచ్చిపోయి స్టార్లను గిరగిర తిప్పబోతే, నూనె వాటి పళ్ల మధ్య ఇరుక్కుని పట్టి లాగుతుంది. ఆ పట్టు నేలమీదున్న చక్రానికి బలమై చేరుతుంది. అంటే ఆ డబ్బాలో నూనె లేకపోతే బండికి గేర్లున్నా సగం లేనట్టే. ఇక గేర్లు వొట్టివిగా రాసుకుని అరిగిపోవడం ఎలాగూ వున్నది.

ఈ నూనె సిలికోన్ నూనె. చిక్కదనాన్ని సెంటీస్టోకులనే కొలతలో చెబుతారు. నీళ్లు సుమారు ఒకటి. నువ్వులనూనె పదుల్లో, ఆముదం వందల్లో, తేనె వేలల్లో వుంటాయి. మా సీసాలమీద అంకెలు వెయ్యితో మొదలై లక్షను కూడా దాటుతాయి. లక్ష అంకె సీసాను తలకిందులు చేసి, లోపలికి వెళ్లి కాఫీ తాగి రావచ్చు. 'ఆముదం పోసుకోకూడదా, చవగ్గా పోతుంది గదా' అని ఒక మిత్రుడి సలహా. వేడెక్కితే ఆముదం నీళ్లనీళ్లయిపోతుంది. సిలికోన్ నూనె కూడా పల్చబడుతుంది గాని అంత కాదు. తెల్లవారి చల్లగాలిలో ఒక రకంగా, మే నెల మిట్టమధ్యాహ్నం మరొక రకంగా నడిచే బండితో పందెం ఎలా ఆడతాం?

ఇక కూర్పు. పాత డబ్బా అయితే రబ్బరు రింగులు తీసి పక్కన పెట్టి, తక్కినవన్నీ లైటర్లలో పోసే పెట్రోలుతో కడుక్కోవాలి. వంటింటికి దూరంగా, దీపం లేనిచోట. తరువాత చేతులు కూడా కడుక్కోవాలి. ఒక్క వెంట్రుక, ఒక్క గుడ్డపీలిక రింగు కింద ఇరుక్కుంటే చాలు, నూనెకు రాచబాట వేసినట్టే.

డబ్బాలోనుంచి కడ్డీ బయటికొచ్చే రెండు చోట్లా ఓ రింగులుంటాయి. ఇవి వాసెనలు. ఆవకాయ జాడీకి వాసెన కట్టామంటే జాడీ కదలదు, గుడ్డ కదలదు. అటకమీద పెడితే మళ్లీ తీసేదాకా దాని జోలికి పోనక్కరలేదు. ఇక్కడ కడ్డీ నిమిషానికి రెండువేల పైచిలుకు చుట్లు తిరుగుతూ వుండాలి, దాన్ని అంటిపెట్టుకుని వాసెన వుండాలి. కదిలేదాన్ని కదలనిస్తూనే కారేదాన్ని ఆపాలన్నమాట. గట్టిగా నొక్కితే కడ్డీ బిగుసుకుపోతుంది, రింగు వేడెక్కి అరుగుతుంది, వదులైతే కారుతుంది. బలంతో అయ్యే పని కాదని ఇక్కడే తెలుస్తుంది.

చాలా రింగులు పందెంలో చావవు, కూర్చేటప్పుడే చస్తాయి. కడ్డీకి అడ్డంగా చిన్న బెజ్జం వుంటుంది, సన్ను గేరును పట్టే చీల కోసం. ఆ బెజ్జం అంచు కొత్తలో కత్తిలా వుంటుంది. కడ్డీని రింగులోనుంచి తోసేటప్పుడు ఆ అంచు రబ్బరును సన్నగా చెక్కేస్తుంది. కంటికి కనపడదు. ముందే మెత్తటి ఉప్పుకాగితంతో ఆ అంచును రెండుమూడు సార్లు రుద్ది, కడ్డీకీ రింగుకూ నూనె రాసి, తిప్పుతూ తోయాలి, పొడవకూడదు. పాత కడ్డీ అయితే రింగు కూర్చునే చోట గోటితో గీరి చూడండి. గోరు ఎక్కడైనా దిగిందంటే అక్కడ గాడి పడిందన్నమాట. కారిన నూనెలో మన దుమ్ము కలిస్తే అది సానపట్టే లేహ్యమే. వుక్కును కూడా తినేస్తుంది. గాడిపడ్డ కడ్డీకి ఎన్ని కొత్త రింగులు తొడిగినా లాభం లేదు. ఇంకొక సంగతి, రింగు సిలికోన్ రబ్బరుది కాకుండా చూసుకోవాలి. సిలికోన్ నూనెలో సిలికోన్ రబ్బరు నాని వుబ్బుతుంది. మామూలు నల్ల నైట్రైలు రింగులు దానికి తట్టుకుంటాయి.

గేర్ల వెనక కాగితమంత రేకుబిళ్లలు వేస్తారు, షిమ్ములంటారు. పళ్లకూ పళ్లకూ మధ్య ఎక్కువ ఖాళీ లేకుండా, అట్లాగని పట్టుకుపోకుండా వుండటానికి. వేళ్లతో తిప్పి చూస్తే పట్టులాగా జారాలి. కటకటమంటే ఖాళీ ఎక్కువ, ఒకచోట ఆగుతున్నట్టుంటే బిళ్ల ఎక్కువ. ఇది మాటల్లో చెప్పేది కాదు. మా కుర్రాళ్లలో ఒకడు కళ్లు మూసుకుని వేళ్లతోనే చెప్పేస్తాడు. వీణ మెట్లు సరిచేసేవాళ్ల దగ్గర చూశానా చెయ్యి.

ఇప్పుడు నూనె. పోసి, గేర్లను నెమ్మదిగా తిప్పి, పక్కన పెట్టాలి. లోపల చిక్కుకున్న గాలిబుడగలు పైకి రావాలి. ఒకే పరిమాణం బుడగ వెయ్యి అంకె నూనెలో ఒక నిమిషానికి పైకొస్తే పదివేల అంకె నూనెలో పది నిమిషాలకు వస్తుంది. తొందరపడి మూత వేస్తే మనం కొలిచింది నూనె కాదు, నూనే గాలీ కలిసిన నురుగు. తిరిగాక ఆ గాలి పైకి చేరి, నూనె మట్టం దిగి, ఈ డబ్బాకూ ఆ డబ్బాకూ పొంతన లేకుండా పోతుంది.

ఎంతవరకు పోయాలి? దీనికి సమాధానం నాకు పుస్తకంలో కన్నా బాగా ఒక లారీ డ్రైవరు చెప్పాడు.

మా రెండో సంవత్సరం బి.ఏ.లో ఒక కుర్రాడున్నాడు. తండ్రి కలకత్తా రోడ్డుమీద లారీ నడుపుతాడు, నెలకు ఇరవై రోజులు ఇంట్లో వుండడు. ఈ కుర్రాడు సాయంత్రాలు చిన్నపిల్లలకు ప్రైవేట్లు చెప్పి, ఏడాదిన్నర కూడబెట్టి, వాడిన బండి ఒకటి కొన్నాడు. ఇంట్లో చెప్పలేదు. స్నేహితుడింట్లో మంచం కింద దాచుకునేవాడు. ఆ బండి వెనక డిఫరెన్షియల్ కారేది. శనివారం నింపితే ఆదివారం మూడో ఆటకల్లా వొట్టిపోయేది. రెండుసార్లు స్టార్లు అరిగి పళ్లు రాలాయి. విదేశం నుంచి కొత్తవి రావడానికి మూడేసి వారాలు, ఖరీదు రెండు నెలల ప్రైవేట్ల డబ్బు. మూత వదులుగా వుందేమోనని ప్రతిసారీ మరికాస్త బిగించేవాడు. చివరికి ప్లాస్టిక్కు డబ్బాలో మరలు తిరిగే గాడులు కూడా చెడిపోయాయి. రింగులు చూశాను, బాగున్నాయి. కడ్డీ నున్నగా వున్నది. ప్యాకింగ్ కొత్తది. మూత అంచు అద్దంమీద పెట్టి చూస్తే సమంగానే వున్నది. "వచ్చినకాడికి అమ్మేస్తాను సార్" అన్నాడు. ఆ గొంతు విని నాకు పాఠం చెప్పబుద్ధి కాలేదు ఆ పూట.

ఒకనాటి సాయంత్రం ఆ కుర్రాడు మా వసారాలో డబ్బా విప్పుకుని కూర్చుని వుండగా తండ్రి వచ్చాడు. ఎవరో చెప్పినట్టున్నారు. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, నమస్కారం పెట్టి, "మావాడు మీ దగ్గర చదువుకుంటున్నాడన్నారు మాస్టారూ" అంటూ చాపమీది సరంజామా చూశాడు. కుర్రాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. తండ్రి మరేమీ అనకుండా గొంతుక్కూర్చుని డబ్బాను చేతిలోకి తీసుకున్నాడు. కడ్డీ తిప్పాడు. రెండోది వెనక్కి తిరగడం చూసి చిన్నగా నవ్వాడు.

"హౌసింగే గదండీ ఇది. అన్నీ వున్నాయే! మరి బ్రీదరేదండీ?"

"లేదు" అన్నాను.

"మరి వేడెక్కితే గాలెటు పోతుందండీ? మా బండికి హౌసింగుమీద బ్రీదరుంటుంది. మట్టికొట్టుకుని అది మూసుకుపోయిందంటే లోపల గాలి వుబ్బి, ఆయిలు సీళ్లను తోసుకుని చక్రాల్లోకి వచ్చేస్తుంది. కుర్ర మెకానిక్కులు సీలు పోయిందని సీలు మారుస్తారు. కొత్త సీలూ కారుతుంది. బ్రీదరు శుభ్రం చేస్తే ఆగిపోతుందండి." కొడుకువైపు తిరిగి, "ఎంత పోస్తున్నావురా?" అన్నాడు.

"నిండా, నాన్నా."

"అంచుదాకానా?"

"ఊఁ. ఎక్కువుంటే ఎక్కువసేపు వస్తుందని."

"నిండా పోసి మూత బిగిస్తే అది ఎటు పోవాలిరా మరి?"

మర్నాడు కాలేజీలో మా ఫిజిక్సు లెక్చరరుగారిని అడిగాను. పది డిగ్రీల వేడి పెరిగితే సిలికోన్ నూనె నూటికి సుమారు ఒక వంతు వుబ్బుతుందని చెప్పారాయన. డబ్బా 30 డిగ్రీల నుంచి 70 డిగ్రీలకు పోయిందనుకుంటే నూటికి నాలుగు వంతులు. గాలిని నొక్కితే నలుగుతుంది గాని నూనె నలగదు. చోటు లేకపోతే ఆ నాలుగు వంతులూ రింగును తోసుకునో ప్యాకింగ్‌ను చీల్చుకునో బయటికి రావలసిందే. ఒకసారి దారి పడ్డాక తక్కినదీ ఆ దారినే వస్తుంది. ఎంత బిగిస్తే అంత జోరుగా వస్తుంది. పెద్దబండికి బ్రీదరు చేసే పనిని చిన్నబండిలో మనం వదిలిన జానెడు... జానెడేమిటి, గోరంత ఖాళీ చెయ్యాలి.

కాబట్టి స్టార్లు తిరిగే చీలలు మునిగేదాకా పోసి, అంచుకు కాస్త కిందనే ఆగాలి. కంటిచూపును నమ్ముకునేకన్నా బంగారప్పనివాళ్లు వాడే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు ఒకటి కొనుక్కోవడం మంచిది. వొట్టి డబ్బా బరువు, నూనె పోశాక బరువు కాగితంమీద రాసుకుంటే ప్రతిసారీ అంతే పడుతుంది. ఈసారి బండి మరొకలా నడిస్తే కారణం నూనె కొలత కాదని అయినా తెలుస్తుంది.

గాడులు చెడిన డబ్బాను మార్చక తప్పలేదు. దాని ఖరీదు తండ్రే ఇచ్చాడు. ఆ సాయంత్రం లేవబోతూ, "మొత్తం ఎంతయిందిరా దీనికి?" అని అడిగితే కుర్రాడు తలొంచుకుని చెప్పాడు. ఆయన కాసేపు వూరుకుని, "పరాయివాళ్ల ఇంట్లో ఎందుకు పెట్టడం, మనింట్లో మంచం లేదా?" అన్నాడు. కొత్త డబ్బా వేశాక వచ్చిన ఆదివారం ఆ బండి ఇరవై నిమిషాల ఆఖరి ఆట మొత్తం ఆగకుండా నడిచి నాలుగోదిగా వచ్చింది. ఇంటికి తెచ్చి విప్పి తూస్తే నూనె అంతా వున్నది.

మూత వేసే సంగతి చెప్పకుండా పక్కదారి పట్టాను. మూత అంచూ డబ్బా అంచూ పొడిగా వుండాలి. ఒక బొట్టు నూనె అంచుమీద పడితే ప్యాకింగ్ దానిమీద జారుతుంది. తుడిచి మరీ పెట్టండి. అంచు వంకరపోయిందని అనుమానమైతే అద్దంమీద మెత్తటి ఉప్పుకాగితం పరిచి, దానిమీద డబ్బాను ఎనిమిది అంకె ఆకారంలో రుద్దితే ఎత్తుపల్లాలు తెలిసిపోతాయి. మరలు నాలుగు. ప్లాస్టిక్కులో తిరిగే మరను పెట్టగానే కుడివైపుకు తిప్పకూడదు. ముందు ఎడమవైపుకు, అంటే విప్పేవైపుకు, నెమ్మదిగా తిప్పాలి. ఒకచోట 'టక్' మని చిన్నగా కిందికి దిగుతుంది. పాత గాడి దొరికిందన్నమాట. అక్కడినుంచి కుడికి తిప్పితే వేళ్లబలంతోనే దిగుతుంది. లేకపోతే మర కొత్త గాడి కోసుకుంటుంది, మూడోసారికి కోసుకోవడానికి ప్లాస్టిక్కు మిగలదు. ఒకటి పూర్తిగా బిగించి మరొకదానికి పోకుండా, ఎదురెదురు మూలలు మార్చుకుంటూ అన్నింటినీ కొద్దికొద్దిగా దించాలి. ప్యాకింగ్ నాలుగు వైపులా సమంగా నొక్కుకుంటే చాలు. మరగడ్డ మూతకు ఆనాక పావు చుట్టు కన్నా ఎక్కువ తిప్పవలసి వస్తున్నదంటే లోపల ఏదో సరిగా కూర్చోలేదు. విప్పి చూడండి, బిగించకండి.

పరీక్ష సులువు. తెల్లకాగితంమీద ఒక కడ్డీ కిందికుండేట్టు నిలబెట్టి, ఒక గంట ఎండలో వుంచండి. తరువాత తలకిందులు చేసి మరొక గంట. ఇందుకు మన ఎండలు మహోపకారులు. కాగితంమీద మరక పడకపోతే బండిలో పెట్టుకోవచ్చు. చల్లటి గదిలో రాత్రంతా నిలబెట్టి 'కారలేదు గదా' అనుకుంటే చాలదు. వేడెక్కినప్పుడు గదా దాని గుణం బయటపడేది.

నూనె లేని డిఫరెన్షియల్ కూడా వున్నది గదా అంటారు కొందరు పాతకాపులు. వున్నది. రెండు రేకు వుంగరాల మధ్య వుక్కు గుండ్ల వరస పెట్టి, పొడుగు మర ఒకటి బిగించి, రాపిడితో నడిపేది. మరను తిప్పి పట్టు మార్చుకోవచ్చు, విప్పనక్కరలేదు. పదోవంతు కార్లలో చాలాకాలం అదే రాజ్యమేలింది. కాని గుండ్లూ వుంగరాలూ అరిగి గరగరమంటాయి, మర వదులైతే జారి కాలిపోతుంది. 2010 దాటాక ఆ కార్లలోనూ నూనె గేర్లే ఎక్కువయ్యాయి. నాకు గుండ్లమీద ద్వేషం లేదు గాని, ప్రతి ఆదివారం దానికి ఉపచారాలు చేసే ఓపిక లేదు.

ఏ బండికి ఏ అంకె నూనె అని ఉత్తరాలు రాస్తున్నారు. మా ఎనిమిదోవంతు బండ్లకు మూడు డిఫరెన్షియళ్లుంటాయి: ముందొకటి, వెనకొకటి, ముందువెనకలకు మోటారు బలం పంచే నడిమిదొకటి. మేము ముందూ నడుమా 7,000, వెనక 5,000తో మొదలుపెడతాం. నడిమిది మరీ పల్చనైతే బండిని వురికించగానే ముందు చక్రాలు వూరికే తిరిగిపోతాయి, బలం వెనక్కి అందదు. వెనకది మరీ చిక్కనైతే మలుపులో వేగం అందుకోగానే తోక ఝాడిస్తుంది. వానపడి నేల జారుడుగా వున్నరోజున మూడింటిలోనూ ఒక మెట్టు దిగుతాం. నాలుగైదు ఆదివారాలకొకసారి విప్పి చూస్తే, నీళ్లలా తేటగా పోసిన నూనె బూడిదరంగుకు తిరిగి వుంటుంది. అది గేర్ల పొడి. పారబోసి కొత్తది పోసుకోవడమే. పోసిన అంకె, తూకం, తేదీ డబ్బామీదనే చిన్న కాగితం అంటించి రాసుకోండి. మూడు డబ్బాలూ చూడటానికి ఒకేలా వుంటాయి.